మా తోటలో బాదం ఎందుకు పూయడం లేదు?

నర్సంపేట రైతు | జనవరి 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట పక్క పల్లె. మిర్చి వేసే ఎకరంలో సగం వదిలి, మూడేళ్ల క్రితం 48 బాదం మొక్కలు నాటాను. వ్యాను మీద ఊరూరా మొక్కలు తిప్పి అమ్మే వ్యాపారి దగ్గర ఒక్కొక్కటి 450 రూపాయలకు కొన్నాను. మన ఎండలను తట్టుకునే రకమనీ, మూడో ఏటనుంచే కాపనీ చెప్పాడు. గులాబీ రంగు పూతతో నిండిన తోట ఫొటో కూడా చూపించాడు.

చెట్లు ఏపుగా పెరిగాయి. ఇప్పుడు నాకు రెండింతల ఎత్తున్నాయి. చీడ లేదు, పీడ లేదు. డ్రిప్పు ఉంది, ఏటా పశువుల ఎరువు వేస్తున్నాను. కానీ ఆ గులాబీ పూత మాత్రం ఒక్క కొమ్మకూ రాలేదు. మా అమ్మకు 74 ఏళ్లు. పొద్దున్నే చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చి "ఇంకా లేదురా" అంటుంది. ఏ లోపమో తెలిసినవారు చెప్పగలరా?

జగిత్యాల మామిడి తోట | జనవరి 9, రాత్రి 9:15

అన్నా, నీళ్లు ఎక్కువైనట్టున్నాయి. మామిడికి మేము అక్టోబరునుంచి నీళ్లు ఆపి బెట్టకు గురిచేస్తాం. అప్పుడే చిగురు మాని పూత మీదికి వస్తుంది. ఆకు ఏపుగా ఉందంటే చెట్టుకు ఇంకా పూయాల్సిన అవసరం కలగలేదని అర్థం. రెండు నెలలు డ్రిప్పు కట్టేసి చూడండి.

మడికొండ మాస్టారు | జనవరి 10, ఉదయం 6:30

నీళ్లు ఆపే ముందు నాకు నాలుగు సంగతులు చెప్పండి బాబూ. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, చెట్టును చూడకుండా మందు చెప్పడం నాకు చేతకాదు.

ఆకు పొడవు ఎంత? ఆకు అంచున రంపపు పళ్లలా సన్నని గాట్లున్నాయా, నున్నగా ఉందా? కొమ్మలు ఎటుపడితే అటు పోయాయా, లేక కాండం చుట్టూ గొడుగులు పేర్చినట్టు అంతస్తులుగా వచ్చాయా? ఈ నెలలో ఆకు రంగు మారుతోందా?

నర్సంపేట రైతు | జనవరి 10, సాయంత్రం 6:05

మాస్టారూ, టేపు పెట్టి కొలిచాను. పెద్ద ఆకు తొమ్మిది అంగుళాలుంది, మధ్యలో నా అరచేయి కన్నా వెడల్పు. కొనవైపు వెడల్పుగా ఉండి కాడవైపు సన్నబడుతుంది. అంచు నున్నగా ఉంది. కొమ్మలు మీరన్నట్టే అంతస్తులుగా వచ్చాయి. వారం రోజులుగా ఆకులు ఎర్రగా మారి రాలుతున్నాయి.

ఇంకొకటి. నిరుడు ఎండాకాలంలో కొన్ని చెట్లకు కొమ్మల చివర పురికొసంత సన్నని తెల్లటి కంకులు వచ్చాయి. అది పూత అనుకోలేదు. రాలిపోతే పట్టించుకోలేదు.

మడికొండ మాస్టారు | జనవరి 10, రాత్రి 8:20

బాబూ, ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంది. మీ తోటలో ఉన్నది నాటు బాదం. మన బడుల ముందు, పోలీసు స్టేషన్ల ముందు, పాత ఇళ్ల పెరళ్లలో నీడకోసం పెంచే చెట్టు అదే. మీరు చూసిన తెల్లటి కంకులే దాని పూత.

దుకాణంలో కొనే బాదం పప్పు ఇచ్చే చెట్టుకూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. నాటు బాదం మద్ది, తాని, కరక్కాయ చెట్ల వంశం. మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు పురుగు తినే మద్ది ఆకు ఉంది చూడండి, దానికి ఇది దగ్గరి చుట్టం. వేడినీ, ఉప్పుగాలినీ ఓర్చుకునే తీరప్రాంతపు చెట్టు. అసలు బాదం గులాబీ కుటుంబానికి చెందింది. పీచ్, ఆప్రికాట్, ఆపిల్ దాని చుట్టాలు. దాని ఆకు జామాకు కన్నా సన్నగా, కొనదేలి, అంచున గాట్లతో ఉంటుంది. పూత ఆకుకన్నా ముందు వస్తుంది. మోడు కొమ్మంతా లేత గులాబీ రంగు తిరుగుతుంది. వ్యాపారి మీకు చూపిన ఫొటో ఆ చెట్టుదే, అమ్మిన మొక్క మాత్రం అది కాదు.

మా చిన్నతనంలో బడి వదిలాక రాలిన నాటు బాదం కాయలను రెండు రాళ్ల మధ్య పెట్టి కొట్టి లోపలి పప్పు తీసుకుని తినేవాళ్లం. సన్నగా, చుట్టిన ఆకులా ఉంటుంది ఆ పప్పు. రుచి బాదం రుచే. అందుకే ఆ పేరు వచ్చింది. అది తినదగినదే, మంచిదే. కానీ చెట్టెడు కాయలు కొడితే దోసెడు పప్పు వస్తుంది. దాన్ని నమ్మి అర ఎకరం ఇవ్వడానికి లేదు.

నర్సంపేట రైతు | జనవరి 10, రాత్రి 10:50

21,600 రూపాయలు మొక్కలకు. గుంతలు, డ్రిప్పు, కూలి కలిపితే ఇంకో ముప్పై వేలు. మూడేళ్ల మిర్చి పంట పోయింది. ఆ వ్యాపారి ఫోను ఇప్పుడు పనిచేయడం లేదు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబుతాను. ఒక్క ప్రశ్న మాస్టారూ. నిజమైన బాదం మొక్కే తెచ్చి పెట్టి ఉంటే కాసేదా?

ఉట్నూరు అడవి దారి | జనవరి 11, ఉదయం 7:10

అన్నా, నేనూ అదే అడుగుదామనుకున్నాను. మా పక్కన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు ఆపిల్ పండించిన సంగతి 2020లో పత్రికల్లో వచ్చింది. ఆపిల్ కాసిన చోట బాదం ఎందుకు కాయకూడదు? మాకు చలికాలం రాత్రులు ఆరు డిగ్రీలకు కూడా పడిపోతాయి.

ఉద్యాన విద్యార్థిని | జనవరి 11, మధ్యాహ్నం 1:30

ఇక్కడ చలి గంటల లెక్క తెలియాలి. ఇలాంటి చెట్లు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్రలో సుమారు 7 డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఎన్ని గంటలు గడిచాయో మొగ్గ లెక్కపెట్టుకుంటుంది. లెక్క నిండితేనే నిద్ర లేస్తుంది. పాత ఆపిల్ రకాలకు వెయ్యి గంటల దాకా కావాలి. బాదం మాత్రం ఈ విషయంలో చాలా కొద్దితో సరిపెట్టుకునే చెట్టు. చాలా రకాలకు 300 నుంచి 500 గంటలు చాలు.

ఉట్నూరు అన్నా, మీ లెక్కే చూద్దాం. చలికాలంలో ఏడు డిగ్రీల లోపుకు దిగే రాత్రులు పదిహేను అనుకోండి. అలా దిగినా తెల్లవారుజామున మూడు నుంచి ఏడు వరకే ఉంటుంది. పదిహేను నాలుగులు అరవై గంటలు. పైగా మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ వస్తుంది. ఆ ఎండ రాత్రి కూడబెట్టిన చలిని చాలావరకు చెరిపేస్తుంది. నర్సంపేటలో అయితే రాత్రి ఏడు డిగ్రీలకు దిగడమే అరుదు. లెక్క నిండని చెట్టు చావదు, కానీ సరిగ్గా నిద్ర లేవదు. ఏప్రిల్‌లో అక్కడో చిగురు ఇక్కడో చిగురు వేస్తుంది. పూత రాదు, వచ్చినా నిలవదు.

ధనోరాలో కాసినవి చలి తక్కువ కోరే ఆపిల్ రకాలు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అలాంటిదే. వేడి పల్లపు నేలలోనే కాసిన చెట్టు నుంచి ఆయన దాన్ని తీశాడు.

బాదానికి రెండో అడ్డంకి మన వాన. అది చలికాలపు వానకూ పొడి వేసవికీ అలవాటుపడ్డ చెట్టు. స్పెయిన్, ఇరాన్, కాలిఫోర్నియా అన్నీ అలాంటి చోట్లే. ప్రపంచపు బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియా లోయనుంచే వస్తుంది. అక్కడ జులైలో కాయ పైతొక్క పగులుతుంది, ఆగస్టు నుంచి కోత. ఆ రోజుల్లో అక్కడ చినుకు పడదు. మనకు అవి ముసురు పట్టే రోజులు. పగిలిన తొక్కలోకి నీరు దిగితే పప్పు బూజు పడుతుంది.

జగిత్యాల మామిడి తోట | జనవరి 11, రాత్రి 8:00

చెల్లీ, బాగా చెప్పావు. బెట్ట పెట్టమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మామిడి నియమం ప్రతి చెట్టుకూ వర్తించదని అర్థమైంది.

ఒక ఆలోచన వచ్చింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్టు చుట్టూ మిర్చి దాచే కోల్డు స్టోరేజీలు ఎన్ని ఉన్నాయి! కుండీలో బాదం అంటు పెంచి డిసెంబరులో అందులో పెడితే చలి గంటలు నిండవా?

ఉద్యాన విద్యార్థిని | జనవరి 11, రాత్రి 9:40

నిండుతాయి అన్నా. 400 గంటలంటే పదిహేడు రోజులు. అయితే ముందు చెట్టు ఆకు రాల్చాలి, పచ్చి ఆకుతో చీకటి గదిలో పెట్టకూడదు. బయటికి తెచ్చాక పూస్తుంది కూడా. కానీ చాలా రకాలకు తన పుప్పొడి తనకు పట్టదు, పక్కన ఇంకో రకం అదే వారం పూసి ఉండాలి, తేనెటీగలు తిరగాలి. ఆ తర్వాత లేత పిందెకు మన మార్చి ఎండ తగులుతుంది. కళాశాలలో నేర్చుకోవడానికి ఒక కుండీ పెట్టవచ్చు. నాకు నిజంగా ఆశగా ఉంది. కానీ రైతు దీన్ని పంటగా అనుకోకూడదు.

కరీంనగర్ మాజీ జవాను | జనవరి 13, రాత్రి 7:30

నేను కాశ్మీరులో రెండు విడతలు పనిచేశాను. బాదం తోట మధ్య గుడారం వేసుకుని ఉన్నవాణ్ణి కాబట్టి కళ్లారా చూసింది రాస్తున్నాను.

పుల్వామా, బడ్గాం వైపు కరేవాలని మెట్టలుంటాయి. చుట్టూ ఉన్న పల్లం కన్నా ఎత్తుగా, పైన చదునుగా, మెత్తటి ఒండ్రు మట్టితో ఉంటాయి. కుంకుమపువ్వూ బాదమూ ఆ మెట్టల మీదే. పల్లంలో వరి వేస్తారు. ఎందుకలా అని ఒక పెద్దాయనను అడిగాను. రాత్రి చల్లగాలి నీటిలాగే పల్లానికి పారుతుందని ఆయన చెప్పాడు. మెట్ట మీద పూత బతికిన రాత్రే పల్లంలో పూత మాడిపోతుందట. అప్పటిదాకా చలి అంటే ఊరంతటికీ ఒకటే అనుకునేవాణ్ణి.

ఆపిల్‌కన్నా, అన్నిటికన్నా ముందు పూసేది బాదమే. మార్చి రెండో సగంలో కొండల మీద మంచు తెల్లగా ఉండగానే మెట్టలు గులాబీ రంగు తిరుగుతాయి. శ్రీనగర్‌లో హరి పర్బత్ కింద బాదంవారి అనే తోట ఉంది. ఆ పది పదిహేను రోజులూ జనం కుటుంబాలతో వచ్చి చెట్ల కింద చాయ్ తాగుతూ కూర్చుంటారు. అదే వారంలో వాన పట్టిందంటే రైతు ముఖం చూడలేం. పూత తడుస్తుంది, తేనెటీగ గూడు దాటదు. అలాంటి రెండు మూడు ఏళ్లు దెబ్బతిని బాదం తీసేసి ఆపిల్ పెట్టినవాళ్లు ఎందరో.

పాత తోటల్లో చెట్లన్నీ విత్తనం నుంచి వచ్చినవి. వంద చెట్లలో కొన్ని చేదు కాస్తాయి. ఆ చెట్టు గింజ మమ్మల్ని నోట పెట్టనిచ్చేవారు కాదు.

మడికొండ మాస్టారు | జనవరి 13, రాత్రి 8:45

వాళ్లు చేసింది సరైన పని. చేదు బాదంలో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినప్పుడు దాని నుంచి సయనైడ్ పుడుతుంది. పిల్లలకు కొద్ది గింజలే ప్రాణం మీదికి తెస్తాయి. ఎవరైనా దుకాణపు బాదం మొలకెత్తించి పెంచుదామనుకుంటే ఇది గుర్తుంచుకోవాలి. విత్తనపు చెట్టు తల్లిలా ఉంటుందన్న హామీ లేదు. అందుకే ఎక్కడైనా అంటు మొక్కే పెడతారు.

పరకాల ఆడపడుచు | జనవరి 17, రాత్రి 11:20

నర్సంపేట తమ్ముడూ, మీ మొదటి మాట చదివి మనసు చివుక్కుమంది. మా పుట్టిల్లు పరకాల. పెళ్లయ్యాక జర్మనీ వచ్చి పదమూడేళ్లు. ఫాల్స్ అనే ద్రాక్ష తోటల ప్రాంతంలో ఉంటున్నాం. మా పెరట్లో ఒక అసలు బాదం చెట్టు ఉంది.

ఇక్కడ ద్రాక్ష తోటల దారి వెంట మైళ్ల కొద్దీ బాదం చెట్లే. గిమ్మెల్‌డింగెన్ అనే ఊళ్లో పూత వచ్చినప్పుడు ఉత్సవం చేస్తారు. ఫలానా తేదీ అని ముందే చెప్పరు, చెట్టు పూసినప్పుడే పండుగ. మొదటిసారి ఆ దారిలో నడిచినప్పుడు నాకు బతుకమ్మనాటి తంగేడు పూత గుర్తొచ్చింది. రంగు వేరు, కానీ ఊరంతా పూవు వెంట బయటికి రావడం మనదే అనిపించింది.

నా చెట్టు ఈ ప్రాంతపు పాత రకం, డ్యుర్క్‌హైమర్ క్రాఖ్‌మాండెల్. పెంకు పలచన, వేళ్లతో నలిపితే పగులుతుంది. తన పుప్పొడి తనకే పడుతుంది కాబట్టి ఒక్క చెట్టు చాలు. నాటి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో మంచి కాపు చూసింది మూడు సార్లే. నిద్రలో ఉన్నప్పుడు ఈ చెట్టు మైనస్ 15కు కూడా వణకదు. కానీ విప్పిన పువ్వుకు మైనస్ 2, 3 డిగ్రీలు చాలు, లోపలి అండం నల్లబడిపోతుంది. పిందె ఇంకా సుకుమారం, మైనస్ 1కే పోతుంది.

చెల్లెలు చెప్పిన చలి గంటల లెక్క చదివాక నాకు మా చెట్టు స్వభావం కొత్తగా అర్థమైంది. నర్సంపేటలో కొద్ది చలి కూడా దొరకక అది లేవదు. ఇక్కడ ఆ కొద్ది చలి సంక్రాంతి లోపే నిండిపోతుంది. ఇక ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, తొందరపడి పూసేస్తుంది. చలి మాత్రం ఏప్రిల్ దాకా పోదు. అక్కడ పూయనివ్వనిదీ ఇక్కడ పూత చంపేదీ చలి గంటలు లెక్కపెట్టే ఆ ఒక్క గుణమే.

హన్మకొండ అమ్మ | జనవరి 18, ఉదయం 10:00

అమ్మా, నీ మాటలు చదువుతుంటే నా బిడ్డ మాట్లాడినట్టే ఉంది. మా అబ్బాయి ఇంగ్లండులో దక్షిణం వైపు చిన్న ఇల్లు కొన్నాడు. వెనక కొంచెం పెరడు ఉంది. వేసవిలో నేను వెళ్తున్నాను. ఒక బాదం చెట్టు పెట్టి రావాలని ఉంది. అక్కడ కాస్తుందా? ఎక్కడ పెట్టాలి? ఏం చూసుకోవాలి?

పరకాల ఆడపడుచు | జనవరి 18, రాత్రి 10:30

కాస్తుంది అమ్మా, కానీ అక్కడ చలి కన్నా తడి పెద్ద శత్రువు. నేను నేర్చుకున్నవన్నీ చెబుతాను.

వేసవిలో నాటకండి. అబ్బాయికి చెప్పి నవంబరు తర్వాత, చెట్టు ఆకు రాల్చాక నాటించండి. మట్టి లేకుండా వేళ్లతో వచ్చే మొక్కలు అప్పుడే అమ్ముతారు, ధర తక్కువ, బాగా నాటుకుంటాయి. ఆలస్యంగా పూసే రకం, తన పుప్పొడి తనకు పట్టే రకం అడగండి. ఫ్రాన్సు వాళ్ల లోరాన్ అలాంటిది. స్పెయిన్‌లో పెంటా, టార్డోనా అని ఇంకా ఆలస్యంగా పూసేవి తయారుచేశారు. పెరటి చెట్టుకు డచ్చివాళ్ల రోబైన్ కూడా మంచిదంటారు, పీచ్‌తో కలిసిన రకం అది.

చోటు దగ్గర నేను తప్పు చేశాను. దక్షిణపు ఎండ తగిలే గోడ వెచ్చగా ఉంటుందని దానికి ఆనించి నాటాను. వేసవిలో కాయ పండడానికి ఆ వేడి మంచిదే. కానీ ఫిబ్రవరిలో ఆ గోడే చెట్టును వారం ముందు నిద్ర లేపుతోంది. అయినా ఇంగ్లండు చల్లటి వేసవిలో గోడ వేడి లేకుండా పప్పు నిండదేమో, మీరు గోడ పక్కనే పెట్టండి. పూత రోజుల్లో కప్పడానికి మాత్రం సిద్ధంగా ఉండాలి. మాజీ జవాను అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, పెరట్లో పల్లపు మూల వద్దు. నీరు నిలిచే చోటు అసలే వద్దు, వేరు కుళ్లుతుంది.

ఆకు ముడత గురించి బాగా వినండి. వసంతంలో లేత ఆకులు ఎర్రగా ఉబ్బి, కాలిన అప్పడంలా ముడుచుకుని రాలిపోతాయి. అది ఒక బూజు తెగులు, పీచ్‌కూ బాదానికీ వస్తుంది. మొగ్గ ఉబ్బే సమయంలో వాన తడి తగిలితేనే లోపలికి దిగుతుంది. ఆకు ముడిచాక ఏ మందూ పనిచేయదు. నేను రెండేళ్లు చెట్టు ఎండిపోతుందని భయపడ్డాను. ఆ తర్వాత పక్కింటి ముసలాయన ఉపాయం చెప్పాడు. జనవరి నుంచి మే దాకా గోడకు వాలుగా పారదర్శకమైన ప్లాస్టిక్ పందిరి కట్టడం. పక్కలు తెరిచి ఉంచాలి, తేనెటీగలు, తుమ్మెదలు రావాలి కదా. వాన పడదు, ముడత రాదు. మంచు రాత్రి పలచటి గుడ్డ దించడానికీ అదే పందిరి పనికొస్తుంది.

పూత వచ్చినప్పుడు తేనెటీగ కోసం చూడకండి. 12, 13 డిగ్రీలు దాటకపోతే అది రాదు. బొద్దుగా వెంట్రుకలతో ఉండే తుమ్మెదలు చలిలోనూ తిరుగుతాయి, అవి వస్తే అదృష్టం. లేకుంటే మెత్తటి కుంచె తీసుకుని మధ్యాహ్నం పువ్వు పువ్వుకూ తాకించాలి. మా అమ్మాయికి ఎంతో ఇష్టమైన పని అది.

కొమ్మలు కత్తిరించడం వేసవిలోనే. చలికాలంలో గాయం చేస్తే తెగులు ఎక్కుతుంది.

హన్మకొండ అమ్మ | జనవరి 19, ఉదయం 9:10

నోటు పుస్తకంలో అంతా రాసుకున్నాను తల్లీ. చెట్టు పూసే ఏడు కుంచె పని నేను చేస్తాను. ఆ ఏడు మార్చిలోనే వెళ్లేలా టికెట్టు చూడమని చెబుతాను.

నర్సంపేట రైతు | ఫిబ్రవరి 2, రాత్రి 9:00

అందరికీ ఒక మాట చెప్పాలి. అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెట్టు ఏం చేసిందిరా, మనిషి అబద్ధమాడితే" అంది. ఉద్యానశాఖ అధికారిని తోటకు పిలిచి చూపించాను. ఆయనా మాస్టారు చెప్పిందే చెప్పారు. ఫిర్యాదు రాసి ఇచ్చాను. నాతోపాటు మా మండలంలో ఇంకో ఇద్దరు అవే మొక్కలు కొన్నారని అప్పుడే తెలిసింది. అందుకే ఈ చర్చ మీ ఊళ్లలో అందరికీ చూపించండి. తొమ్మిది అంగుళాల నున్నటి ఆకు చూపించి బాదం తోట వేయమంటే డబ్బు ఇవ్వవద్దని చెప్పండి.

ఇప్పుడు ఆ అర ఎకరం సంగతి. అన్నీ కొట్టేయాలా?

మడికొండ మాస్టారు | ఫిబ్రవరి 3, ఉదయం 6:40

అన్నీ వద్దు. గట్టు మీద ఉన్నవి ఉంచండి. మేలో మీ కూలీలకు అంతకన్నా మంచి నీడ దొరకదు. మిర్చి కల్లం పక్కన రెండు ఉంచండి. ఆకు రాల్చినప్పుడు బోలెడు రాలుస్తుంది, కంపోస్టు గుంతకు మంచిది. మధ్యలోవి తీసేయండి. అవి అక్కడ నలభై అడుగులు పెరిగి పక్క మడి మీద నీడ వేస్తాయి.

ఉట్నూరు అడవి దారి | ఫిబ్రవరి 3, రాత్రి 8:15

అన్నా, పప్పు ఇచ్చే చెట్టే కావాలని అమ్మకు అంత ఆశ ఉంటే మన నేల పప్పు ఒకటుంది. మొర్రి చెట్టు. దాని గింజలోదే సారపప్పు. పాయసంలో, మిఠాయిల్లో వేసేది. మా అడవుల్లో గోండులు, కొలాములు ఎండాకాలంలో మొర్రి పండ్లు ఏరి, గింజ ఎండబెట్టి అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ కొంటుంది. దుకాణంలో సారపప్పు ధర చూడండి, బాదంకు ఏమాత్రం తీసిపోదు.

దానికి చలి గంటలు వద్దు. రాతి నేల, చల్క నేల, 44 డిగ్రీల ఎండ, దేనికీ వెనకాడదు. ఒక్క బాధ ఏమిటంటే గింజ పెంకు గట్టిది, మొలక ఆలస్యం, చెట్టు నిదానంగా ఎదుగుతుంది. కాయలకోసం కొమ్మలు నరికి నరికి అడవిలో చెట్లు తగ్గిపోతున్నాయి. పొలాల్లో పెరిగితే మాకూ సంతోషమే.

నర్సంపేట రైతు | ఫిబ్రవరి 3, రాత్రి 9:30

మొర్రి పండు పేరు వినగానే అమ్మ లేచి కూర్చుంది. వాళ్ల అమ్మగారి ఊరు కొత్తగూడ వైపు. చిన్నప్పుడు అడవికి వెళ్లి నల్లగా పండిన మొర్రి పండ్లు ఒడినిండా ఏరుకునేదట. గింజలు నానబెట్టి, గోనెపట్టా మీద రుద్ది, ఎండబెట్టి, తిరగలిలో పైపైన తిప్పి పప్పు తీసేవారని వివరంగా చెప్పింది. ఈ మూడేళ్లలో ఆ బాదం చెట్ల గురించి కూడా ఇంత మాట్లాడలేదు.

పరకాల ఆడపడుచు | మార్చి 14, రాత్రి 11:50

మా చెట్టు నాలుగు రోజుల క్రితం పూర్తిగా విచ్చింది. ఈ రాత్రికి మైనస్ 3 అన్నారు. సాయంత్రమే పందిరి మీద నుంచి రెండు పొరల గుడ్డ దించాం. లోపల నీళ్ల బకెట్లు నాలుగు పెట్టాం, నీరు గడ్డకట్టేటప్పుడు కొంచెం వెచ్చదనం వదులుతుంది. పై కొమ్మలు గుడ్డకు అందలేదు. ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను, ఆకాశం నిండా చుక్కలు. మబ్బు ఒక్కటి పట్టినా బాగుండేది.

కరీంనగర్ మాజీ జవాను | మార్చి 15, ఉదయం 5:50

చెల్లమ్మా, తెల్లవారుజామే అసలు గండం. ఎండ పడ్డాక పువ్వు మధ్య చూడండి. అండం పచ్చగా ఉంటే బతికినట్టు.

పరకాల ఆడపడుచు | మార్చి 15, మధ్యాహ్నం 3:20

పై కొమ్మల్లో పది పువ్వులు చీల్చి చూశాను. ఎనిమిది నల్లబడ్డాయి. గుడ్డ కింద పది చూశాను, ఒక్కటే పోయింది. మా అమ్మాయి కుంచె పట్టుకుని నిచ్చెన ఎక్కింది.

హన్మకొండ అమ్మ | ఏప్రిల్ 6, రాత్రి 7:00

నేను ఇంగ్లండు చేరాను. గోడ పక్కన చోటు చూశాను, నీళ్లు పోసి చూస్తే అరగంటలో ఇంకిపోయింది. మంచి చోటే. నవంబరుకు మొక్క చెప్పించాం. తల్లీ, మీ పిందెలు నిలిచాయా?

పరకాల ఆడపడుచు | ఏప్రిల్ 6, రాత్రి 10:10

కింది కొమ్మల్లో ఎనభై దాకా నిలిచాయి అమ్మా. లేత ఆకుపచ్చగా, నూగుతో, పిల్లి చెవిలా మెత్తగా ఉన్నాయి. పై కొమ్మల్లో ఈ ఏడాది ఏమీ లేదు.

నర్సంపేట రైతు | ఏప్రిల్ 20, రాత్రి 8:30

మధ్యలో 36 చెట్లు తీసేశాను. గట్టు మీద 12 ఉంచాను. ఈసారి వాటి కంకులను గుర్తుపట్టాను, పిందెలు కూడా పడ్డాయి. తీసిన చోట వానలు పడగానే మామిడి పెడదామనుకుంటున్నాను. జగిత్యాల తమ్ముడు మొక్కలు చూసి పెడతానన్నాడు. ఒక వరస మాత్రం మొర్రికి వదిలాను. ఉట్నూరు తమ్ముడూ, విత్తనం ఎప్పుడు దొరుకుతుంది?

ఉట్నూరు అడవి దారి | ఏప్రిల్ 20, రాత్రి 9:05

ఇప్పుడే రంగు తిరుగుతున్నాయి అన్నా. మే రెండో వారానికి నల్లబడతాయి. ఆ ఆదివారం రండి. తాజా గింజైతేనే బాగా మొలుస్తుంది, దుకాణంలో పాత గింజ కొనకండి. గుడ్డ సంచి తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచిలో గింజ చెమట పడుతుంది.

నర్సంపేట రైతు | ఏప్రిల్ 20, రాత్రి 9:20

వస్తాను తమ్ముడూ. అమ్మ కూడా వస్తానంటోంది. గుడ్డ సంచి ఇప్పుడే కుడుతోంది.